ఇంటిల్లిపాదికీ ఒకే నంబరు

తప్పులుంటే ఏమనుకోకండి. ఊరి బడిలో ఐదో తరగతి దాకే చదివాను. లావు వేళ్లు... ఒక అక్షరం నొక్కితే ఇంకొకటి పడుతుంది.

మా చిన్నప్పుడు... గోదావరిఖని కంపెనీ దవాఖానలో ఎవరూ పేరు అడిగేవారు కాదు. అమ్మకు జ్వరమొస్తే నేనే సీసా పట్టుకుని పరుగెత్తేవాడిని. కిటికీలోంచి కాంపౌండరు కసిరేవాడు...

"ఏం పోరగా, మీ నాయన నంబరెంత?"

"ఇరవై ఒకటి పదిహేడు!"

అంతే, మందు వచ్చేసేది. నాయన బొగ్గుబాయిలో దిగేవాడు. కంపెనీ ఆయనకిచ్చిన నంబరే మా అందరిదీ. అమ్మది, చెల్లెలిది, నాది... క్వార్టర్ తలుపు మీద కూడా అదే. బాయిలో ఏదైనా జరిగితే గేటు దగ్గర నంబరే అరిచేవారు. అది మాది కాదని తెలిసేదాకా అమ్మ నా చెయ్యి వదిలేది కాదు...

ఆ అలవాటే మొన్న నా చేత తప్పు చేయించింది.

మా కోడలు స్వరూప పెళ్లితో ఆగిన చదువు పదేళ్లకు మళ్లీ మొదలుపెట్టింది. బీఈడీ సీటు కోసం నెట్‌లో కాలేజీలు ఎంచుకోవాలి. ఆ రోజే ఆఖరు, సాయంత్రం ఐదింటికి మూసేస్తారు. మా సందులో ఫోనులో మాటలే వినబడతాయి, సిమ్ నెట్ అందదు. ఇంటి నెట్టే దిక్కు.

పొద్దున కంప్యూటర్‌లో నెట్ నత్తలా నడుస్తోంది. స్వరూప ఫోన్‌లో మాత్రం వైఫై బాగానే వస్తోంది. సాయం చేద్దామనుకున్నాను. పక్కింటాయన ఒకసారి చూపించిన నెట్ సెట్టింగుల చోటు తెరిచాను. ఫోన్‌లో చుక్కలు పెట్టి ఒక నంబరు ఉంది, కంప్యూటర్‌లో వేరేది ఉంది. ఒక్క ఇంట్లో రెండు నంబర్లేంటని ఫోన్‌లోదే దీనికీ రాసేశాను...

కంప్యూటర్‌లోనూ ఫోన్‌లోనూ నెట్ మొత్తానికే పోయింది. కంప్యూటర్ తెర మూలన ఇంగ్లీషులో ఏదో వచ్చింది. నాకు చదవడం రాలేదు.

మధ్యాహ్నం స్వరూప కంప్యూటర్ ముందు కూర్చుంది. తీగలు ఊడదీసి పెట్టింది. నెట్ డబ్బా ఆపి మళ్లీ వేసింది. నెట్ అతనికి ఫోన్ చేస్తే రేపు వస్తానన్నాడట.

"రేపటికి నా సీటు యాడుంటది అత్తమ్మా?"

"గా డబ్బకు ఏం దయ్యం వట్టిందో!" అంది మా ఆవిడ. "నువ్వన్న చూడరాదయ్యా, బొమ్మ లెక్క కూసున్నవ్!"

గడియారం నాలుగు దాటింది. స్వరూప కొంగుతో కళ్లు తుడుచుకోవడం చూశాక ఇక ఉండలేకపోయాను.

"బిడ్డా... నేనే నంబరు మార్చిన."

"ఏం నంబరు మామా?"

"నీ ఫోన్ల ఉన్నదే దీనికి పెట్టిన. ఒక్కటే ఇల్లు గదా అని..."

స్వరూపకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

"అయ్యో మామా! గా నంబరు నెట్ల వాటి అడ్రసు, ఒక్కటే రెండింటికి పెడితే వచ్చిన ఉత్తరం ఎవలకియ్యాలె? రెండు కొట్లాడుకుంటున్నయ్!"

ఫోన్ వైఫై ఆపింది. నంబరు దానంతట అదే తీసుకునేలా మార్చి, కంప్యూటర్ ఆపి మళ్లీ వేసింది. పేజీ తెరుచుకునేసరికి పావుగంటే మిగిలింది. నోటుబుక్కులో ఇరవై కాలేజీలు రాసి పెట్టుకుంది. పేజీ ఆగి ఆగి నడుస్తుంటే ఆరే ఎక్కించగలిగింది. మంచిర్యాల మొదటిది. ఏడోది నొక్కేలోపు మూసుకుపోయింది...

లేస్తూ అంది... "జర ముందుగాల చెప్తే ఏమైతుండె మామా."

అదే చెవుల్లో తిరుగుతోంది. మధ్యాహ్నమే చెప్పి ఉంటే ఇరవై నిండేవి.

సీట్ల లిస్టు వచ్చే వారం వస్తుందట. ఆ కాలంలో ఒక్క నంబరు చెబితే ఇల్లంతటి పని జరిగేది. ఇప్పుడు ఒక గదిలోని రెండు వస్తువులకే రెండు కావాలి, నాలాంటివాడు ముట్టుకుంటే ఒకరి చదువే ఆగేట్టుంది...

మీ ఇంటి నంబరు ముచ్చట్లుంటే చెప్పండి. కానీ ముందు ఇది చెప్పండి... ఆరే పెట్టినా సీటు వచ్చినవాళ్లు మీలో ఎవరైనా ఉన్నారా? ఉంటే జల్దీ రాయండి. స్వరూపకు చూపిస్తాను.