సగం టీ వద్దన్న తమ్ముడు

ధర్మవరంలో మాకు వానలేని ఏడాదంటే పాలులేని ఏడాది. మేం పట్టుచీరలు నేసేవాళ్ళం, సేద్యం లేదు. అయినా కరువు మా పొయ్యి దాకా వచ్చేది. పాలుపోసే ఆమె మేత లేక ఎనుములను సంతకు తోలేస్తే, అమ్మ బెల్లం వేసి నల్లటీ కాచేది. మధ్యాహ్నం నడుము పట్టేసే వేళకు ఆ టీ గొంతులో పడితేనే మళ్ళీ మగ్గం మీద చెయ్యి ఆడేది.

మా నాయనకు మెత్తగా మాట్లాడడం రాదు. తిట్టేవాడు, కొట్టేవాడు, తరువాత మూతి ముడుచుకుని కూర్చునేవాడు. కోపం పోయిందంటే మాత్రం తన గ్లాసులోంచి సగం టీ, అమ్మ టీ తెచ్చిన చెంబు మూతలోకి వంచుకుని, గ్లాసు మన ముందుకు జరిపేవాడు. మూతలోది ఆయన తాగాలి, గ్లాసులోది మనం తాగాలి. అంతటితో తగాదా తీరినట్టు. ఆ సంగతి ఎవరూ నోటితో అనేవాళ్ళు కాదు. ఆ గ్లాసు వద్దన్నవాళ్ళూ మా ఇంట్లో అంతవరకూ లేరు.

తమ్ముడితో తగాదా బీడీ వల్ల వచ్చింది. మగ్గం దగ్గర తాగొద్దని నాయన ఏళ్ళ తరబడి మొత్తుకున్నాడు. ఒకరోజు నిప్పురవ్వ పడి, ముక్కాలు వంతు నేసిన చీరకు చిల్లు పడింది. నాయన చేతికందిన కట్టెతో కొట్టాడు. వాడు ఆ సాయంత్రమే బెంగళూరు రైలెక్కి, కొన్నేళ్ళు ఇంటి మొహం చూడలేదు.

ఎనభైల మొదట్లో ఒక ఎండాకాలం చెప్పాపెట్టకుండా వచ్చాడు. అమ్మ ఏడ్చింది. నాయన కాళ్ళు పెట్టుకునే మగ్గం గుంటలోంచి లేవలేదు, తల ఎత్తలేదు. మధ్యాహ్నం టీ వచ్చింది. నాయన సగం మూతలోకి వంచుకుని, గ్లాసు తమ్ముడి వైపు జరిపాడు. అమ్మ గడప మీదే నిలబడిపోయింది. వాడు గ్లాసు వైపు చూశాడు.

"వద్దు నాయనా. నేను టీ తాగను."

"బెంగళూరోడివైతివి. కాఫీ గావల్నేమో."

"కాఫీ గూడా తాగను."

"నాయింట్లో తాగవా, యాడా తాగవా?"

"యాడా తాగను. ఆడ మోర్మన్లని, అమెరికా క్రైస్తవుల సంఘంలో చేరినా. వాళ్ళల్లో టీ, కాఫీ కూడవు."

నాయన చెవికి ఎక్కింది 'వద్దు నాయనా' ఒక్కటే. మూతలోది ఆయనా తాగలేదు. గ్లాసులో ఈగ పడింది. ఆ రోజంతా ఆయన వాడితో మాట్లాడలేదు.

మరునాడు నేను శాఖా గ్రంథాలయానికి పోయాను. బడి మధ్యలో మానినవాణ్ణే, కానీ అక్కడి ఇంగ్లీషు విజ్ఞాన సర్వస్వాన్ని పక్కన నిఘంటువు పెట్టుకుని చదివేవాణ్ణి. ఆ బీరువా తాళంచెవి అడగకుండానే నా చేతికిచ్చేవారు. ఊళ్ళో ఆ మర్యాద ఇంకెవరికీ లేదు. మోర్మన్ల గురించి ఉన్నదంతా చదివి, మధ్యాహ్నానికి ఇంటికొచ్చి నాయన పక్కన కూర్చున్నాను. తమ్ముడు గోడకు ఆనుకుని ఉన్నాడు.

"నాయనా, అది నీ మీద కోపం గాదు. అమెరికాలో నూటయాభై ఏండ్ల కిందటే పెట్టుకున్న కట్టుబాటు. వేడి పానీయాలు కూడవని ఉండాది. వేడివంటే అన్నీ గాదు, టీ కాఫీలే."

"అమెరికాలో ఎవడో చెప్తే నా టీ తోసేస్తాడా?"

"టీలో కెఫీన్ అని ఒకటి ఉంటాది, అది..."

తమ్ముడు అడ్డం వచ్చాడు. "కెఫీన్ అని గాదులే అన్నా. టీ, కాఫీ వద్దన్నారు, మానుకున్నా. అంతే."

"మరి అంగట్లో సీసాల్లో అమ్మే నల్ల డ్రింకో? దాంట్లోనూ కెఫీన్ ఉండాది గదా," అన్నాను నేను.

"దాని సంగతి చెప్పలే. కొందరు తాగుతారు, కొందరు తాగరు."

నాయన ముక్కుతో నవ్వాడు. "సీసాలో నల్లనీళ్ళు తాగొచ్చంట. మీయమ్మ కాచిన నల్లనీళ్ళు తాగగూడదంట. బాగుండాదప్పా మతం!"

"రాగంబలి తాగుతాడు గదా, దాంట్లోనే సగం ఇయ్యి," అంది అమ్మ.

"అంబలి కుక్కకు గూడా పోస్తాం," అన్నాడు నాయన.

నాకు ఓపిక అయిపోయింది. పొద్దుటినుంచి అంత చదివినా ఒక్క గ్లాసు సంగతి తేల్చలేకపోయాను. చదివిన దాంట్లో ఇంకొక్క ముక్క మిగిలి ఉంది, అదీ చెప్పేసి లేద్దామనుకున్నాను.

"సారాయి, పొగాకు గూడా కూడవంట."

గుంటలో మగ్గం తొక్కుతున్న నాయన కాళ్ళు ఆగిపోయాయి. వాడు వచ్చినప్పటినుంచి మొదటిసారి తమ్ముడి మొహంలోకి చూశాడు.

"బీడీ మానినావా?"

"మానినా నాయనా. మానితేనే చేర్చుకుంటారు."

నాయన మగ్గం మీంచి చెయ్యి తీశాడు. ఆయన గొంతులో కోపం లేదు, అలుపు ఉంది.

"నేను ఎన్నేండ్లు చెప్తి. కట్టె ఇరిగేదాకా చెప్తి. ఇనకపోతివి. ఊరూ పేరూ తెలీనోళ్ళు చెప్తే ఇంటివా?"

"వాళ్ళు కొట్టలే నాయనా."

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ మాట గట్టిగా కూడా అనలేదు వాడు.  నాయన తల వంచుకుని మళ్ళీ నేత మొదలుపెట్టాడు.

కాసేపటికి టీ వచ్చింది. నాయన సగం వంచలేదు. గ్లాసు మొత్తం తానే తాగాడు, చివర బెల్లం మడ్డి దాకా. తాగి, మూతి తుడుచుకుని అడిగాడు.

"ఎన్నాళ్ళుంటావు?"

"ఎల్లుండి పోవల్ల."

"సరే."

మా ఇంట్లో తగాదా తీరిందని చెప్పడానికి ఆ సగం టీ తప్ప ఇంకో గుర్తు లేదు. అందుకే తీరిందో లేదో మాకెవరికీ తెలియలేదు. బీరువా నిండా ఉన్న పుస్తకాల్లో దానికి నాకు జవాబు దొరకలేదు. తమ్ముడు తరువాత ఏడాదికోసారి వచ్చేవాడు. వచ్చిన ప్రతిసారీ నాయన ఎన్నాళ్ళుంటావని ఆ ఒక్క మాటే అడిగేవాడు. వాడు తాను ఉండాలనుకున్న దానికంటే ఒకరోజు ఎక్కువే చెప్పేవాడు.