గోడ అవతల జాలాడి

ఎనభైల మొదట్లో నరసరావుపేటలో రెండు గదుల వాటాలో అద్దెకున్నాం. వెనక గది గోడకు అవతల ఇంటివారి జాలాడి. అంట్లు, స్నానాలు, ఉతుకుళ్ళు అన్నీ అక్కడే. ఆ నీరు గోడలోకి దిగేది. మొదటి వానాకాలానికే నేల నుంచి మూరెడెత్తు నల్లటి బూజు లేచింది. నా భార్యకు చిన్నప్పటి నుంచి ఉబ్బసం. ఆ గదిలో పడుకుంటే తెల్లారేసరికి పిల్లికూతలు వచ్చేవి.

ఇంటాయన రైతు. బాబాయి అని పిలిచేవాళ్ళం. గోడ చూపిస్తే గుమ్మంలోనే నిలబడ్డాడు.

“కిటికీ తెరవరు, తడిగుడ్డలు లోపలే ఆరేస్తిరి. బూజు పట్టక పూలు పూస్తయ్యా?”

“కిటికీ తెరిస్తే మీ కొట్టుగదిలో మిరపకాయల ఘాటు బాబాయ్. మూస్తే మీ జాలాడి చెమ్మ. రెంట్లో ఏది పీల్చమంటారు?” అంది నా భార్య.

ఆయన నవ్వాడు. “నోరు మటుకు బానే ఆడుద్దమ్మాయ్ నీకు. సున్నం కొట్టుకోండి, ఉన్నోళ్ళే కొట్టుకోవాల. గోడ తియ్యాలంటే మనుషులుండగా ఎట్టా కుదురుద్ది? ఖాళీ అయినాక చూద్దాం.”

సున్నంలో నీలిమందు కలిపి కొట్టాం. కొన్నాళ్ళు తెల్లగా ఉంది. మళ్ళీ వానలు పడగానే సున్నం పొక్కులుగా లేచి, బూజు బయటపడింది. వేరే ఇల్లు వెతికాను. ఆమె దగ్గు విని క్షయ అనుకుని ఎవరూ ఇవ్వలేదు.

ఆ వానల్లోనే మంచం పట్టింది. ఒక సాయంత్రం డాక్టరు సూది వేసి వెళ్ళాక, బాబాయి నన్ను అరుగు మీదికి పిలిచాడు.

“గుంటూరు ఆసుపత్రికి తీసకపో అబ్బాయ్. ఇక్కడ ఏదన్నా అయ్యి, నచ్చత్రం మంచిది కాకపోతే ఇల్లు నెలల తరబడి మూసెయ్యాల. మళ్ళీ ఎవురు దిగుతారు?”

గొంతు తగ్గించే అన్నాడు గాని ఆమెకు వినిపించింది. నేను లోపలికి వెళ్ళగానే, “ఆయన్ని భయపెట్టడం ఎందుకు, బండి మాట్లాడండి” అంది. బండి వచ్చేలోపే పోయింది.

ఆ గోడ వల్లే పోయిందని డాక్టరు అనలేదు. నేనూ ఎవరితోనూ అనలేదు.

నక్షత్రం చూసిన పురోహితుడు మూడు నెలలు మా వాటా మూయమన్నాడు. కట్టుబట్టలతో, బళ్ళో నాతో పనిచేసే పంతులు ఇంటికి వెళ్ళాను. గడువు తీరిన నెలకు సామాను కోసం వచ్చాను. వెనక గదిలో గోడ కొత్తగా కట్టి ఉంది. జాలాడి దొడ్డి చివరకు మార్చారు. మిరప బస్తాలు తీసేశారు. కిటికీ తెరిచి ఉంది.

బాబాయి వచ్చి పక్కన నిలబడ్డాడు.

“ఎట్టాగూ ఖాళీగా ఉంది గదా అని చేయించా” అన్నాడు. “కావాలంటే నువ్వే ఉండు అబ్బాయ్. చానా బాగుంది ఇప్పుడు.”

గోడ మీద చెయ్యి పెట్టి చూశాను. పొడిగా ఉంది.

ఆమె మంచాన్ని తాపీవాళ్ళు ముందు గదిలోకి జరిపి ఉంచారు. వెళ్ళి నవారు విప్పడం మొదలుపెట్టాను. గోడ వైపు ఉండిన రెండు మంచంకోళ్ళకూ బూజు అలాగే ఉంది.