పెనుకొండలో ఎక్కిన ప్రేక్షకురాలు

ధర్మవరంలో జరిపే మా నాటకోత్సవానికి మొదటిసారి ఆన్‌లైన్లో టికెట్లు అమ్మాలనుకున్న రోజులవి. రెండు సాఫ్ట్‌వేర్లలో ఏది తీసుకోవాలో తేలక, హిందూపురంలో ఎక్కిన రైల్లో స్నేహితుడితో వాదిస్తున్నాను. పెనుకొండలో చంకకర్రలతో ఎక్కిన ఒకావిడ కాసేపు విని అడిగింది.

“ఏమప్పా, మెట్లెక్కలేమని టికెట్ కొనేటప్పుడే చెప్పుకునే వీలు దేంట్లో ఉండాది? పోయినసారి మీ నాటకం బయట నిలబడే వింటి.”

“ఇంటికి పోలేదా అక్కా?” అన్నాను.

“పోతే ఎట్లప్పా, డైలాగులు శానా బాగుండె!” అని నవ్వింది.

ఆ నవ్వులో నిష్ఠూరం లేకపోవడమే నన్ను కట్టిపడేసింది. ఆ వీలున్న సాఫ్ట్‌వేరే తీసుకున్నాం. హాలు మెట్ల పక్కన చెక్కలతో ఏటవాలు దారి వేయించాం. మొదటి రోజే చక్రాల కుర్చీల్లో, చేతికర్రలతో జనం వరసగా వచ్చారు.

“ఇన్నేళ్లూ వీళ్లంతా యాడుండిరబ్బా?” అన్నాడు నా స్నేహితుడు.