పోశవ్వ కోడలి తలనొప్పి

నలభై మూడో, నలభై నాలుగో, ఏడాది సరిగ్గా గుర్తులేదు. శామీర్‌పేట చెరువు పక్కన ఒక ఊళ్లో ఎలుకలు రాలిపడ్డాయి. అలా పడ్డాయంటే ప్లేగు వచ్చినట్టే. ఊరు ఊరంతా ఇళ్లు వదిలి చేలల్లో గుడిసెలు వేసుకుంది. మేడ్చల్ నుంచి నర్సుగా నన్ను అక్కడికి పంపారు. రోజూ గుడిసె గుడిసె తిరిగి జ్వరం చూడాలి, చంకల్లో, గజ్జల్లో బిళ్లలు కట్టాయేమో తడమాలి. బిళ్ల కనిపిస్తే సెగ్రిగేషన్ షెడ్డుకు, అంటే ప్లేగు రోగుల్ని వేరుగా ఉంచే పాకకు పంపాలి. అక్కణ్ణుంచి తిరిగొచ్చినవాళ్లు తక్కువ.

ఒకరోజు చేపలమ్మే పోశవ్వ గుడిసె ముందు జనం మూగారు. ఆమె కోడలు రాజవ్వ తల పట్టుకుని వాంతులు చేసుకుంటోంది, కళ్లు తెరవలేకపోతోంది. ప్లేగేనని చుట్టుపక్కలవాళ్లు తేల్చేశారు. నేను పంపకపోతే తామే షెడ్డులో పడేసి వస్తామన్నారు. పోశవ్వ గుడిసెకు అడ్డంగా కూర్చుంది.

"తీస్కపోతే నన్ను సుత తీస్కపోండ్రి. అదొక్కతే పోదు."

లోపలికి వెళ్లి చూశాను. టెంపరేచర్ లేదు, బిళ్లలు లేవు. నొప్పి కుడి కణతలోనే ఉందంది. ముందు కళ్లలో మెరుపులు వచ్చాయా అని అడిగితే తల ఊపింది. పెళ్లికి ముందునుంచీ ఉన్నదేనట, ప్లేగు సోకకుండా గుడిసెల దగ్గర వేసే గంధకం పొగకు ముదిరింది. దీన్ని డాక్టర్లు మైగ్రేన్ అంటారు, మనవాళ్లు పార్శ్వపు నొప్పి అంటారు. నాకు పుస్తకం తిరగేసే పని లేదు, చిన్నప్పటినుంచీ నాకూ ఉంది.

ఇది ప్లేగు కాదని, రేపటికి లేచి తిరుగుతుందని, అంతవరకు ఇక్కడ పొగ వేయొద్దని బయటివాళ్లకు చెప్పాను. లేవకపోతే నీదే పూచీ అన్నారు. సరేనన్నాను గానీ, లోపల భయం లేకపోలేదు.

తాటాకుల సందుల్లోంచి ఎండ పడుతోంది. పోశవ్వ నల్ల గొంగడి అడ్డం కట్టి, కోడలి తల ఒళ్లో పెట్టుకుని, నుదుటికి శొంఠి పట్టు వేసి, సాయంత్రం దాకా కదల్లేదు. కోడలికి అత్త చేస్తున్న సేవ అది! నాకు ఒళ్లు మండిపోయింది. నేను హాస్టల్లో పెరిగాను. అక్కడ నా తల పగిలిపోతుంటే చదువు ఎగ్గొట్టడానికి వేషాలన్నారు. పెళ్లయ్యాక మా అత్తగారు వంట తప్పించుకోవడానికన్నారు. ఆ రోజు కూడా అదే ఎండకు, అదే పొగకు నా కణత కొట్టుకుంటూనే ఉంది, నేను గుడిసెలు తిరుగుతూనే ఉన్నాను. దేనికైనా పెట్టి పుట్టాలంటారు. తలనొప్పికీ పెట్టి పుట్టాలని అప్పుడే తెలిసింది.

మర్నాడు వెళ్లేసరికి రాజవ్వ అంట్లు తోముతోంది. నిన్న అరిచినవాళ్లు నన్ను చూసి తప్పుకున్నారు. పోశవ్వ నన్ను కూర్చోబెట్టి తినడానికి జొన్న గటక పెట్టింది. నా కళ్లలోకి చూసి మెల్లగా అడిగింది.

"నీకు సుత గీ నొప్పున్నదా బిడ్డా? మరి నీ తల ఎవలు ఒత్తుతరు?"

పనుందని లేచి వచ్చేశాను.

ఆ తర్వాత చాలా ఏళ్లు నర్సుగా చేశాను. తలనొప్పితో ఎవరొచ్చినా మందు సంగతి తర్వాత, ముందు ఇంట్లో ఎవరున్నారని అడిగేదాన్ని. ఎవరూ లేరన్నవాళ్లను చీకటి గదిలో పడుకోబెట్టి, నేనే తల ఒత్తేదాన్ని. ఒత్తుతున్నంతసేపూ వాళ్లను చూసి నాకు అసూయగానే ఉండేది.