అబ్రహాం గారి ఫస్టాఫ్

అబ్రహాం గారు ఇంటర్వెల్ దాటి సినిమా చూసే మనిషి కాదు. నేనెరిగిన రెండేళ్ళలో తక్కువలో తక్కువ తొంభై సినిమాలకి వచ్చి ఉంటారు. ముగింపు ఒక్కటంటే ఒక్కటి చూడలేదు. తెర మీద హీరో చెల్లెలు నూతిలోకి దూకబోతున్నా సరే, హీరోని ఉరికంబం ఎక్కించబోతున్నా సరే, హాల్లో దీపాలు వెలగడం ఆలస్యం, చేతిసంచీ చంకన పెట్టుకుని లేచిపోయేవారు. మేం టీ తాగి, పకోడీలు తిని లోపలికి వచ్చేసరికి ఆయన కుర్చీ ఖాళీగా ఉండేది.

పోనీ, నచ్చక లేచిపోయారా అంటే అదీ కాదు. సోమవారం ఆఫీసులో ఆ సినిమా గురించి ఆయన మాట్లాడినంత ఇంకెవరూ మాట్లాడేవారు కారు.

1984లో నేను వాల్తేరు నుంచి రాయపూరుకి బదిలీ మీద వచ్చాను. వ్యాగన్లు బాగుచేసే రైల్వే షాపులో స్టోర్సు సెక్షను. నా బల్ల పక్క బల్ల అబ్రహాం గారిది. గుడివాడ వైపు మనిషి, యాభై దాటాయి, నున్నగా దువ్విన తల, ఇస్త్రీ చొక్కా. భార్య ఎస్తేరు గారు ఆస్పత్రిలో నర్సు. ఆవిడకి సినిమా అంటే తలనొప్పి. అందుకని ఆదివారం ఆవిడతో చర్చికీ, శనివారం ఒంటిపూట ఆఫీసు కాగానే మాతో మ్యాట్నీకీ వచ్చేవారు. నేను చేరిన మొదటి సోమవారమే ఆయన నన్ను కూర్చోబెట్టి అడిగారు.

“ఏవయ్యా భీమారావూ, మొన్నటి సినిమాలో హీరో బండెక్కాడు, చూశావా?”

“చూశానండి.”

“ఏ బండి?”

“రైలు బండేనండి.”

“రైలు బండే. మీటర్ గేజి బండెక్కి బ్రాడ్ గేజి బండి దిగాడు. మధ్యలో ఎక్కడ మారాడు? రైల్వేలో జీతం తీసుకుంటూ ఆ మాత్రం చూడకపోతే ఎలా?”

పొద్దుటి టీకి ఆయన అభిప్రాయాలన్నీ ఈ తరహావే. గూడ్సు బండి మీద ఫైటింగు పెడితే, ఆ వ్యాగనుకి తలుపు గడియ లేదనీ, హీరోని తర్వాత చూసుకోవచ్చు గానీ ముందు ఆ వ్యాగన్ని మన షాపుకి పంపాలనీ అనేవారు. అంతవరకూ బాగానే ఉండేది. మధ్యాహ్నం మూడు గంటల టీ వచ్చాక సెకండాఫ్ మీద అభిప్రాయం మొదలయ్యేది.

“ఆ పిల్ల ఏడ్చే సీనులో ఆకుపచ్చ చీర బాగుంది. జాకెట్టే అతకలేదు. పైగా కుక్కరు మూడో కూత కూసినా ఏడుస్తూనే ఉంది. అన్నం ఏమైపోవాలి?”

“మీరు సెకండాఫ్ చూడలేదు కదండీ.”

“అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి గిన్నెడూ తినాలేమిటయ్యా. మెతుకు పట్టుకుంటే తెలీదూ?”

ఏ మెతుకు పట్టుకుంటే చీర అంచు రంగు తెలుస్తుందో మాకు అర్థమయ్యేది కాదు. ఒక మనిషి నోటి వెంట పొద్దున్న రైల్వే గార్డూ, మధ్యాహ్నం పేరంటాలూ మాట్లాడినట్టు ఉండేది.

1985లో నేను బ్లాక్ అండ్ వైట్ టీవీ కొన్నాను. ఆదివారం సాయంత్రం హిందీ సినిమాకి మా ముందుగది నిండిపోయేది. అబ్రహాం గారికి కుర్చీ ముందే వేసి ఉంచేవాళ్ళం. మధ్యలో వార్తలు మొదలయ్యేసరికి ఆయన లేచి, “వస్తానమ్మా సుభద్రా” అని మా ఆవిడకి చెప్పి వెళ్ళిపోయేవారు. “టీవీకి టికెట్ లేదు కదండీ, కూర్చోండి” అన్నా వినేవారు కారు.

ఈ అలవాటు వల్ల అందరికంటే ఎక్కువ నష్టపోయినవాడు ఫిట్టర్ బంగారయ్య. అబ్రహాం గారు పొద్దుటి టీకి “కడుపుబ్బ నవ్వొచ్చు, పిల్లాజెల్లాతో వెళ్ళవయ్యా” అన్నారని, మూడు గంటల టీ దాకా ఆగకుండా అత్తవారినందరినీ తీసుకుని ఒక సినిమాకి వెళ్ళాడు. నవ్వంతా ఇంటర్వెల్‌తో సరి. ఆ తర్వాత వరసగా ఏడుగురు చచ్చిపోయారు. బంగారయ్య మామగారు గుండె పట్టుకుని బయటికి వచ్చి, అల్లుడితో వారం రోజులు మాట్లాడలేదు. అప్పుడు బంగారయ్య ఒట్టు పెట్టుకున్నాడు, ఈ పెద్దమనిషిని ఒక్క సినిమా అయినా చివరిదాకా కూర్చోబెట్టి తీరతానని.

ఆ అవకాశం 1986 ఆగస్టు పదిహేనున వచ్చింది. రాయపూరులో తెలుగు సినిమా రావడమంటే చుట్టం రావడమే. ఏడాదికోసారి, చందాలు వేసుకుని, రీళ్ళ పెట్టె తెప్పించుకుని, కాలనీ వెనకున్న టాకీసులో ఒక్క మార్నింగ్ షో వేసుకునేవాళ్ళం. ఆ ఒక్క ఆటా అయిపోతే పెట్టె తిరుగు బండికి వెళ్ళిపోయేది. ఉర్లా ఫ్యాక్టరీల్లో పనిచేసే మనవాళ్ళు లారీ మాట్లాడుకుని వచ్చారు. బీర్‌గావ్ నుంచి సైకిళ్ళు వచ్చాయి. ఆ హాల్లో ఆడవాళ్ళకి ఒక పక్కన విడిగా కుర్చీలుండేవి. మా సుభద్రా, మిగతా ఆడవాళ్ళూ మల్లెపూలతో అటు వెళ్ళి కూర్చున్నారు.

బంగారయ్య పథకం పక్కాగా వేశాడు. అబ్రహాం గారిని వరస మధ్యలో కూర్చోబెట్టి, కుడి పక్కన తను కూర్చున్నాడు. తను అంటే తొంభై కిలోలు. ఎడం పక్కన నన్ను పెట్టాడు. ముందుగానే బయటికి వెళ్ళి ఆయన సైకిల్ రెండు చక్రాల్లోనూ గాలి తీసేసి వచ్చాడు. నాకు ఈ సంగతి తెలుసు. తెలిసి నవ్వుకున్నాను కూడా.

దీపాలు వెలిగాయి. అబ్రహాం గారు సంచీ చంకన పెట్టి లేచారు. బంగారయ్య ఆయన భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టాడు.

“కూర్చోండి గురువుగారూ. ఇవాళ ఛుట్టీ. ఆఫీసు లేదు, చర్చి లేదు.”

“పనుంది బంగారయ్యా. వదులు.”

“తెలుగు సినిమా కంటే పనేంటండీ. ఇవాళ శుభం పడేదాకా కదిలేది లేదు.”

“కడుపులో బాగోలేదయ్యా.”

“సోడా తెప్పిస్తాను.”

ముందు వరసా వెనక వరసా ఘొల్లుమన్నాయి. ఆయన మళ్ళీ లేవబోయారు, బంగారయ్య మళ్ళీ కూర్చోబెట్టాడు. మూడోసారి ఆయన లేవలేదు. గడియారం చూసుకున్నారు. ముఖం పాలిపోయింది. నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. అప్పుడు నాకు నవ్వు పోయింది. బంగారయ్య సోడా కోసం అటు తిరగ్గానే నా చెవి దగ్గరకి వంగారు.

“భీమారావూ, వెనక వీధిలో గ్యాంగ్‌మన్ జోగయ్య క్వార్టరు తెలుసుగా. అతని పెళ్ళాం, ఆ పిల్ల వరహాలమ్మ, గుమ్మంలో నిలబడి ఉంటుంది. అత్తగారికి పక్షవాతం వచ్చి రెండేళ్ళయింది, మంచం దిగలేదు. జోగయ్య ఎప్పుడూ లైను మీదే. నేను వెళ్ళి ముసలావిడ దగ్గర కూర్చుంటే ఆ పిల్ల నా టికెట్ ముక్క పట్టుకుని వచ్చి మిగతా సగం చూస్తుంది. హిందీ సినిమాలంటే సగం అర్థమయ్యీ అవక చూస్తోంది. ఇదొక్కటే కదయ్యా తెలుగుది. పొద్దున్నే తలంటుకుని కూర్చుంది.”

“ఈ సంగతి బంగారయ్యతో చెప్పేస్తే వదిలేస్తాడు కదండీ” అన్నాను.

“వద్దు. మంచాన పడ్డ అత్తని వదిలేసి సినిమాలు చూస్తోందని లోకం అంటుంది. మాట పడేది ఆ పిల్ల. నన్ను పిచ్చివాడంటే నాకేం నష్టం?”

నేను లేచాను. “నువ్వెక్కడికిరా?” అన్నాడు బంగారయ్య.

“ఇంట్లో పనుంది. గుర్తొచ్చింది.”

“ఈ జబ్బు అంటుకునేదన్నమాట” అన్నాడు బంగారయ్య. వరసంతా మళ్ళీ నవ్వింది. ఇందాకటి దాకా ఆ నవ్వులో నాదీ ఒక వాటా ఉందని సిగ్గుపడుతూ బయటపడ్డాను. గేటు దగ్గర టికెట్లు చింపే ముసలాయన నన్ను ఆపి, “కా హోగే బాబూ, ఆజ్ అబ్రహాం సాహబ్ నై జావయ్?” అని, ఇవాళ ఆయన వెళ్ళడం లేదేమని అడిగాడు. ఈయనకీ తెలుసన్నమాట.

సైకిల్ మీద మూడు నిమిషాలు. వరహాలమ్మ నిజంగానే గుమ్మంలో ఉంది. పాతికేళ్ళుంటాయి. పసుప్పచ్చ చీర కట్టుకుని, వీధి చివరికి చూస్తోంది. నన్ను చూసి భయపడింది.

“అబ్రహాం బాబుకి ఏటయినాది?”

“ఏమీ కాలేదమ్మా. వాళ్ళు కదలనివ్వలేదు. నేను కూర్చుంటాను, నువ్వెళ్ళు. ఇదిగో టికెట్.”

“కత ఎక్కడిదాకా అయినాది? ఆ బాబయితే మూడు ముక్కల్లో సెప్పీస్తారు.”

నేను మొదలుపెట్టాను. అన్నదమ్ములన్నాను, తప్పిపోయారన్నాను, రైసు మిల్లన్నాను, కాదు అది తర్వాత అన్నాను. ఆమె ఓపిక పట్టింది కాసేపు. “మంచోడెవుడో సెడ్డోడెవుడో అది సెప్పీండి బాబూ, మిగిలింది నాను సూసుకుంతాను” అంది. చెప్పాను. చెప్పులు కూడా సరిగా వేసుకోకుండా పరుగెత్తింది.

లోపల మంచం మీద అత్తగారు నాంచారమ్మ గారు గోడకి దిండు వేసుకుని కూర్చుని ఉన్నారు. కుడి పక్క చచ్చుబడింది, మాట ముద్దగా వస్తుంది. ఒళ్ళు మాత్రం శుభ్రంగా, దుప్పటి ఉతికినది. నన్ను ఎగాదిగా చూసి ఒకటే మాట అన్నారు. “సెప్పు.”

అంటే అబ్రహాం గారు ప్రతి శనివారమూ ఇక్కడ కూర్చుని ఈవిడకి ఫస్టాఫ్ మొత్తం చెబుతారన్నమాట. తర్వాత కోడలు వచ్చి సెకండాఫ్ చెబుతుంది. ఆయన కూడా కూర్చుని వింటారు. సోమవారం మూడు గంటల టీకి ఆయన చెప్పే సెకండాఫ్ అక్కడిది. కాలనీలో ప్రతి సినిమానీ తీరిగ్గా, నిండుగా అనుభవించేది మంచం దిగని నాంచారమ్మ గారే. నేను గంటసేపు నా శక్తి కొద్దీ చెప్పాను. ఫైటింగు దగ్గర లేచి చేతులు కూడా విసిరాను. మధ్యలో నీళ్ళు పట్టాను, ఒక పక్కకి ఒత్తిగిలబెట్టాను. అంతా అయ్యాక ఆవిడ ఎడం చేత్తో నా ముంజేయి తట్టి, “నీకు రాదులే నాయినా” అన్నారు. తిట్టినట్టు లేదు, ఊరడించినట్టే ఉంది.

పన్నెండున్నరకి ఇద్దరూ వచ్చారు. ముందు వరహాలమ్మ, ఆయాసంతో, ముఖం వెలిగిపోతూ. వెనకాల గాలి లేని సైకిల్ నడిపించుకుంటూ అబ్రహాం గారు. పాపం, బంగారయ్య శుభం దాకా వదల్లేదు. రెండేళ్ళలో మొదటిసారి ఆయన ఒక సినిమా నిండా చూశారు, అదీ తెలుగు సినిమా. లోపలికి వస్తూనే, ఆగలేక, “అమ్మా నాంచారమ్మా, ఆ తమ్ముడున్నాడు చూశావూ” అని మొదలుపెట్టేశారు.

వరహాలమ్మ గ్లాసుతో నీళ్ళు తాగుతున్నదల్లా ఆగిపోయింది. చెబుదామని దారంతా కూడబలుక్కుని వచ్చిన మనిషి. “మరి బాబు సూసీసినారు కదా, బాబే సెప్తారులే అత్తా” అని గ్లాసు కడగడానికి వెళ్ళబోయింది.

అబ్రహాం గారు ఒక్క క్షణం ఆమెవైపు చూశారు. తర్వాత ఆవలించారు. అంత అబద్ధపు ఆవలింత నేనింతవరకూ చూడలేదు.

“ఆ తమ్ముడు ఏమయ్యాడో నాకు మాత్రం ఏం తెలుసమ్మా. బంగారయ్య భుజం మీద తల పెట్టి నిద్రపోయాను. లేచేసరికి జనం బయటికి వెళ్ళిపోతున్నారు. నువ్వే చెప్పాలి.”

ఆమె మంచం పట్టె మీద కూర్చుని చెప్పింది. ఏ చీర, ఏ ఏడుపు, పెళ్ళిలో ఎవరు ఎవరివైపు చూడలేదు, తల్లి అన్నం కలిపి పెడుతుంటే పెద్దవాడి చెయ్యి ఎలా వణికింది, అన్నీ చెప్పింది. అబ్రహాం గారు నోరు తెరుచుకుని విన్నారు. “అయ్యో, మరి తల్లి గుర్తుపట్టిందా?” అని కంగారుగా అడిగారు కూడా. నాంచారమ్మ గారు చివర్లో కళ్ళు తుడుచుకుని, “బావుంది గానీ పాటలెక్కువ” అని తేల్చేశారు.

ఇంటికి వెళ్ళి, ఎవరికీ చెప్పనన్న మాట మీద గట్టిగా నిలబడి, సుభద్రకి చెప్పేశాను.

“ఇవాళ వరహాలమ్మ రెండు రీళ్ళు ఆలస్యంగా వచ్చిందేమిటా అని మేమంతా కంగారు పడ్డాం” అంది సుభద్ర, కూర తరుగుతూ. “దాని కోసం కుర్చీ ఎప్పుడూ ఉంచుతాం. మన టీవీకి మటుకు వార్తలయ్యాకే కదా వస్తుంది. మీకు కనబడలేదూ?”

“అయితే మీ అందరికీ తెలుసా? నాకెందుకు చెప్పలేదు?”

“చెబితే మీరు బంగారయ్య గారికి చెప్పరూ?”

సోమవారం పొద్దుటి టీ మామూలుగా గడిచింది, లారీ నంబరు రెండు సీన్లలో రెండు రకాలుగా ఉందని అబ్రహాం గారు బాధపడ్డారు. మూడు గంటల టీకి మాత్రం జనం మూగారు. బంగారయ్య విజయగర్వంతో కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

“ఇవాళ తప్పించుకోలేరు గురువుగారూ. సెకండాఫ్ స్వయంగా చూశారు. బతాయియే, చెప్పండి.”

“బ్రహ్మాండంగా ఉందయ్యా” అన్నారు అబ్రహాం గారు. “తల్లి అన్నం కలిపి పెడుతుంటే పెద్దవాడి చెయ్యి వణికింది చూశారూ, అక్కడుంది సినిమా అంతా. పెళ్ళిలో ఆ పిల్ల కట్టిన వంగపండు చీర కూడా నిండుగా ఉంది.”

బంగారయ్య బుర్ర గోక్కున్నాడు. “నేను పక్కనే ఉన్నాను కదండీ. పెద్దోడి చెయ్యి ఎప్పుడు వణికింది?” అని అందరినీ అడిగాడు. ఎవరికీ గుర్తులేదు.

జనం పలచబడ్డాక నేను నెమ్మదిగా అడిగాను. “మీరు నిద్రపోలేదుగా. మీ కళ్ళతో చూసింది ఎలా ఉంది, నిజం చెప్పండి.”

అబ్రహాం గారు టీ గ్లాసు ఖాళీ చేసి అటూ ఇటూ చూశారు.

“ఏముందయ్యా అందులో. అరగంట కొట్టుకున్నారు, అరగంట ఏడ్చారు” అన్నారు. “ఆ పిల్ల చెప్పిందే బాగుంది.”