చేతులు వెనక్కి పెట్టుకున్న గోల్‌కీపర్

మా అన్న గోల్‌కీపర్, నేను ఫుల్ బ్యాక్. బంతి నన్ను దాటిపోతే జనం నన్ను తిట్టేవాళ్ళు, అన్నను కూడా దాటిపోతే ఇద్దరినీ కలిపి తిట్టేవాళ్ళు. డెబ్బైల చివర్లో చిత్తూరులో ఫుట్‌బాల్ ఆడడమంటే మోకాళ్ళ తోలు మొక్కుగా ఇచ్చుకోవడమే. మా మైదానంలో గడ్డి మందుకు కూడా దొరికేది కాదు. ఉన్నదంతా ఎర్రమట్టి, గులకరాళ్ళు. అన్న ఆ రాళ్ళ మీదే పక్కకు దూకి బంతులు పట్టేవాడు. ఇంటికొచ్చాక అమ్మ పసుపు అద్దుతూ ఒక పక్క, ఆటను తిడుతూ ఒక పక్క.

నాయనకు బెల్లం మండీ ఉండేది. పెద్దకొడుకు అందులో కూర్చోవాలని ఆయన పట్టు. అన్నకేమో మద్రాసు పిచ్చి. సముద్రం కోసం కాదు, సినిమాల కోసం అంతకన్నా కాదు. అక్కడి మైదానాల్లో గడ్డి ఉంటుందని ఎవరో చెప్పారు.

"పచ్చగడ్డి మింద ఒక్కసారి దూకి సూడాల రా," అనేవాడు నాతో.

ఆ ఏడు జిల్లా పోటీల్లో ఫైనల్ దాకా వచ్చాం. గెలిచిన జట్టు మద్రాసుకు పోయి ఆడాలి. అంతవరకూ ఒక్క ఆటకూ రాని నాయన ముందురోజు అన్నం తింటూ తేల్చేశాడు.

"రేపు నేనూ వస్తా. గెలిస్తే మద్రాసుకు పో. ఓడితే సోమవారం నుంచి మండీ. మళ్ళా ఆ బంతి మాట నా ముందర ఎత్తకూడదు."

అన్న తలూపాడు. నాయన మాట ఇస్తే ఇచ్చినట్టే, కాదంటే కాదన్నట్టే.

మా ప్రత్యర్థులు తిరుపతి జట్టు. ఆటలో మాకంటే వాళ్ళే మేలు, ఆ మాట ఇప్పుడు చెప్పడానికి నాకేం బాధ లేదు. అయినా మొదటి సగంలో ఎలాగో మాకు ఒక గోలు పడింది. ఇక మిగిలిన ఆటంతా దాన్ని కాపాడుకోవడమే పనిగా పెట్టుకున్నాం. బంతి మా వైపే ఉంది, దుమ్ము మా వైపే ఉంది. అన్న పడుతున్నాడు, లేస్తున్నాడు, మళ్ళీ పడుతున్నాడు.

ఆట ముగియబోతుండగా మా ఇంకో ఫుల్ బ్యాక్ బుద్ధిమాలిన పని చేశాడు. పెనాల్టీ బాక్సులో తల ఎత్తున వచ్చిన బంతిని తలతో కొట్టడానికి వాళ్ళ ఆటగాడు ముందుకొస్తే, మావాడు కాలెత్తి తన్నాడు. బూటు అతని ముక్కు పక్కనుంచి పోయింది. తగల్లేదు, అదృష్టం. రెఫరీ ఈల ఊదాడు.

తిరుపతి నుంచి వచ్చిన జనం పెనాల్టీ అని గోల పెట్టారు. దెబ్బ తగల్లేదు కాబట్టి రెఫరీ పెనాల్టీ ఇవ్వలేదు. ఆయన నెల్లూరు వైపు నుంచి వచ్చిన డ్రిల్లు మాస్టరు, సన్నటి మనిషి. ఫ్రీ కిక్ అని బంతిని అక్కడే పెట్టించి, తన కుడిచెయ్యి నిటారుగా పైకెత్తి నిలబడ్డాడు. ఆ చెయ్యి ఎందుకు ఎత్తాడో మాలో ఎవరికీ తెలియదు. మా వైపు మైదానాల్లో ఫ్రీ కిక్ అంటే ఒకటే రకం. బంతి పెట్టు, గోలుకు కొట్టు.

మేమందరం గోలు గీత మీద వరసగా నిలబడ్డాం. మధ్యలో అన్న. వాడు ఆ చేతినే చూస్తున్నాడు. తర్వాత మాకు మాత్రమే వినబడేలా అన్నాడు.

"బంతి నేరుగా వస్తే ఎవురూ తాకబాకండి. తప్పుకోండి."

"నీకేమన్నా పిచ్చి పట్టిందా?" అన్నాను.

"తాకితే గోలు. తాకకుంటే కాదు. నన్ను నమ్ము రా."

నమ్మడానికి సమయం ఎక్కడిది? వాళ్ళ కెప్టెన్ పరుగెత్తుకొచ్చి బలమంతా పెట్టి కొట్టాడు. బంతి సరిగ్గా నా తల మీదికే వచ్చింది. నేను వంగాను. నమ్మి వంగానో, భయపడి వంగానో నాకే తెలియదు. వంగినవాణ్ణి వంగినట్టే పక్కకు చూశాను. అన్న రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని నిలబడి ఉన్నాడు. బంతి నా తల మీదుగా పోయి వలలో పడింది.

నాకు ఒళ్ళు జలదరించింది. పదేళ్ళుగా ప్రతి బంతి మీదికీ దూకిన మనిషి, చెయ్యి చాపితే అందే బంతిని చూస్తూ వదిలేశాడు. గుడిలో నిలబడినట్టు నిలబడ్డాడు.

తిరుపతి వాళ్ళు ఒకరి మీద ఒకరు ఎక్కి గంతులేశారు. లైన్స్‌మన్ కూడా గోలనుకుని జెండా పట్టుకుని సెంటర్ వైపు పరుగెత్తాడు. మా జనంలో ఎవడో, "వాడు అమ్ముడుపోయినాడప్పా, చేతులు కట్టుకోని ఇచ్చేసినాడు," అని అరిచాడు. ఆ అరిచినవాడు నాయన పక్కనే కూర్చున్నాడని తర్వాత తెలిసింది. అన్న కదల్లేదు. రెఫరీ ఆ నియమం మరిచిపోయినా, జనానికి జంకినా, వాడి బతుకు ఈ ఊళ్ళో అక్కడితో సరి.

రెఫరీ చెయ్యి దించాడు. ఈల ఊది, గోల్ కిక్ అని మా వైపు చూపించాడు.

వాళ్ళ కెప్టెన్ ఆయన మీదికి వచ్చాడు. "సార్, బంతి వలలో ఉండాది, సూడండి."

"ఉండాది," అన్నాడు రెఫరీ. "గోలు మాత్రం కాదు. నేను చెయ్యెత్తి ఇచ్చిన కిక్కు ఇంకో మనిషికి తగిలి పోతేనే గోలు. ఎవురికి తగిలింది?"

ఎవరికీ తగల్లేదు. ఆ సన్నటి మనిషి, చుట్టూ ముప్పై మంది మీదపడి అరుస్తున్నా, చెప్పిన మాటే చెబుతూ నిలబడ్డాడు. ఆయనను చూసినా నాకు అంతే ఆశ్చర్యం వేసింది. చివరికి అన్న బంతిని తెచ్చి పెట్టి, అవతలి కొస దాకా తన్నాడు. కాసేపటికి ఆట ముగిసింది. గెలిచాం.

జనం తగ్గాక నాయన వచ్చాడు. మెచ్చుకోవడం ఆయనకు చేతకాదు.

"అంతమందిలో నీకొక్కడికే ఎట్ల తెలిసింది?" అని అడిగాడు.

"ఒకసారి వేలూరులో ఇట్లనే చెయ్యెత్తింటే సూసినాను నాయనా. ఆడ నేరుగా కొట్టిన గోలు ఇయ్యలేదు. ఈడ అందురూ ఈల విన్నారు, నేను చెయ్యి సూసినాను. మండీలో నువ్వు సెప్పేదే కదా, అరిచేవాణ్ణి కాదు, చేతిని సూడమని."

మా మండీలో అసలు బేరం నోటితో జరిగేది కాదు. తువ్వాలు కింద చేతులు కలిపి వేళ్ళతో ధర చెప్పుకునేవాళ్ళు. పైకి వినిపించే కేకలన్నీ ఉత్తుత్తివే. చిన్నప్పుడు సెలవుల్లో అన్నను పక్కన కూర్చోబెట్టుకుని నాయన అదే నేర్పాడు.

నాయన అన్న మోచేతి మీద గీసుకుపోయిన చోట అంటుకున్న మట్టిని తన వేలితో తుడిచాడు. ఇంత చూపున్నవాడు మండీకి దక్కడనే బాధ ఆయన ముఖంలో నాకు స్పష్టంగా కనిపించింది.

"నేనయితే చెయ్యి పెట్టేసుంటా రా," అన్నాడు. "అంతమంది అట్ల అరస్తా ఉంటే, ఊరికే నిలబడుకోవడం నా వల్ల కాదు."

నాయన నోటి నుంచి అలాంటి మాట మేమెప్పుడూ వినలేదు. అన్న తల దించుకున్నాడు.

"మద్రాసు బస్సు ఎన్నింటికి?" అన్నాడు నాయన.

అన్న నోరు తెరిచేలోగా నేనే చెప్పాను.