రేడియో వింటా నేసిన పెండ్లి చీర

షావుకారు కూతురి పెండ్లి చీర ఇప్పుడు మా యింటిది కట్టుకోని తిరుగుతాండాది. "యాడ నేయించినావమ్మా?" అని అడిగినోళ్ళందరికీ నా కథంతా ఇప్పి చెప్తాండాది. నగొద్దండప్పా! నాకు కడుపు మండిపోతాంటే మీకు నగువా? టీ తాగండి ముందు, చెప్తా.

అంతా ఆ హెడ్‌ఫోన్ వల్ల వచ్చింది. మా ధర్మవరం ఇంట్లో రెండు మగ్గాలు, పక్కపక్కనే. ఒకటి నాది, ఒకటి నాయనది. రెండూ కొట్టుకుంటాంటే రేడియో పక్కనే పెట్టుకున్యా పాట వినపడి సావదు. సౌండు పెంచితే నాయన, "ఆపురా ఆ గోల!" అంటాడు. మగ్గం గోల కాదంట, పాట గోలంట! ఎంత మంట పుడతాదో చెప్పండి.

అనంతపురంలో పాత సామాన్ల అంగడిలో కనపడింది అది. ఏ మిలిటరీ వాళ్ళు పారేసిందో ఏమో, నల్లగా, బరువుగా, ఇనుప పట్టీతో. "పాతది గట్టిదప్పా, ఇట్లాంటివి ఇప్పుడు రావు" అన్యాడు అంగడాయన. నిజమే, గట్టిదే. పలకడం ఒక్కటే రాదు! ఇంటికొచ్చి పెట్టుకుంటే ఒక చెవి మూగ, ఇంకో చెవిలో గరగర. చెవులకు ఆనే దిండ్లలో స్పాంజి బూడిద మాదిరి రాలి మెడ మింద పడింది. మా యింటిది చూసి, "దుడ్లిచ్చి దుమ్ము తెచ్చినావా?" అనింది. నాకు రోషం వచ్చింది. దీన్ని బాగు చేసి చూపించకపోతే నా పేరు నారాయణే కాదన్యా.

రేడియో రిపేరాయన "రేపు రా, ఎల్లుండి రా" అని తిప్పి తిప్పి సంపినాడు. కడాకు ఆయన అంగడిలోనే కూర్చోని, తిడతాన్యా లేయకుండా, తెగిన వైరుకు టంకం పెట్టించినా. మన రేడియోకు పట్టే పిన్ను వేయించినా. దిండ్లు మాత్రం నా సొంత పని. మగ్గం కింద రాలిన పట్టు వేస్టు కూరి, చీర ముక్కతో చుట్టూ కుట్టినా. పెట్టుకుంటే చూడాల! నాయన మగ్గం లేదు, నా మగ్గం లేదు, మా యింటిది లేదు. పాట ఒక్కటే!

సరిగ్గా అప్పుడే షావుకారు వచ్చి, "నారాయణా, మా పాప పెండ్లి చీర నువ్వే నెయ్యాల. నీ చెయ్యి మింద నాకు నమ్మకం" అన్యాడు. వీధిలో ఇంతమంది ఉండగా నాకే! పక్కన నాయన ఉండగా నాకే! ఆ చీర మొత్తం హెడ్‌ఫోన్ పెట్టుకోనే నేసినా. మధ్యలో నాయన నాకల్లా చూసి ఏందేందో అరిచినాడు, చెయ్యి ఊపినాడు. నేనూ పాట బాగుండాదని తల ఊపినా.

నేసింది నేసినట్టు కర్రకు చుట్టుకుంటా పోతాది గదా, ఇప్పి చూసిందెవరు? మడతేసి తీసుకపోయినా. షావుకారు కొంగు పట్టుకోని వాకిట్లో వెలుతురుకు ఎత్తినాడు. మొగం మారిపాయ.

"ఏమప్పా ఇది? ఈడ గోనెపట్ట మాదిరి ఉండాది, ఆడ దోమతెర మాదిరి ఉండాది. ఒకే చెయ్యేనా నేసింది?"

అప్పుడు చూసినా నేను. మగ్గం దెబ్బ చెవిలో పడితే గదప్పా చేతికి లెక్క తెలిసేది? నా చెయ్యి మగ్గాన్ని ఇడిసిపెట్టి పాట ఎంట పోయింది! హుషారు పాటకు దబదబ కొట్టి బిగించినా. ఏడుపు పాటకు మెల్లగా, సుతారంగా కొట్టినా, ఆడంతా పల్చన. వార్తలు వచ్చినంత సేపు నేత బ్రహ్మాండం. చివర్లో "వాన సూచనలు లేవు" అన్యారు చూడండి, ఆడ చెయ్యి వాలిపోయి మళ్ళీ పల్చన!

ఆ పాప చూసి, "ఇది కట్టుకోని పీటల మింద కూర్చోవాల్నా నాయనా?" అని ఏడిసింది. నాకు భూమిలోకి పోవాలనిపించింది. పెండ్లి నెత్తిన పడింది, ఇంకోటి నేసే టైము లేదు. కడాకు షావుకారు మా యింటికే వచ్చి, మా నాయన నేసి పెట్టిన చీర తీసుకపోయినాడు. వీధంతా చూసింది. నాయన మాత్రం మీసాల్లో నగుతా, "మగ్గం సప్పుడు తేడా కొడతాండాదని అరిచినా గదరా, తల ఊపితివే!" అన్యాడు.

ఇంక నా కోపం చూడాల! అంగడాయన్ని తిట్టినా, రిపేరాయన్ని తిట్టినా, ఏడుపు పాటలు రాసినోళ్ళను తిట్టినా. ఆఖరికి మా యింటిదాని మిందికి పోయినా, "నువ్వు దుమ్మనబట్టే గదా నేను దాన్ని బాగు చేసింది!" అని. ఆమె అప్పటికే షావుకారు వద్దన్న ఆ చీరే కట్టుకోనుండాది. మెల్లగా పోయి హెడ్‌ఫోన్ తెచ్చి చెవులకు పెట్టుకోని, నా ఎదురుగా కూర్చోని శెనక్కాయలు ఒలుస్తాండాది. వైరు రేడియోకు తగిలించను కూడా లేదు!

ఆ పొద్దు నుంచి అంతే. నేను నోరు తెరిస్తే సాలు, అది ఆమె చెవుల మిందికి ఎక్కుతాది. ఎంత గొంతు చించుకున్యా ఒక్క మాట లోపలికి పోదు. దిండ్లు అంత బాగా కుట్టినా మరి!